"సార్, కొట్టకూడదు" అన్నాడు మా ఎనిమిదో తరగతి పిల్లోడు. ఇప్పుడు తప్పు నాదట

చాక్‌పీస్_చంద్రగిరి | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. చంద్రగిరి వైపు అని మాత్రం చెప్తా, ఊరి పేరు అడగొద్దు.

ఇన్నేళ్లుగా ప్రాథమిక హక్కుల పాఠం ఒకటే మాదిరి చెప్పుకుంటూ వచ్చాను. 14 నుంచి 18 సమానత్వం, 19 నుంచి 22 స్వేచ్ఛ, 23, 24 దోపిడీ... బోర్డు మీద రాస్తాను, పిల్లలు నోట్సులోకి ఎక్కిస్తారు, పరీక్షలో దించేస్తారు. నాకూ వాళ్లకూ గొడవ లేదు. ఈసారి పాఠం అయ్యాక ఊరికే అడిగాను, "ఇవి ఎవరి కోసం?" అని. ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి "ఢిల్లీలో ఉండేవాళ్ల కోసం మేడమ్" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అలా అనుకుంటోంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు 21ఏ ఆర్టికల్ తీసుకుని, అక్కడినుంచి విద్యాహక్కు చట్టంలో పదిహేడో సెక్షన్ దాకా వెళ్లాను. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని చదివి వినిపించాను. క్లాసంతా కిక్కురుమనలేదు. వెనకనుంచి ఎవరో "నిజమా మేడమ్?" అన్నారు.

గురువారం డ్రిల్ పీరియడ్లో లైను సరిగ్గా లేదని పీఈటీ సార్ బరికె ఎత్తారు. ఆయన ముందున్న పిల్లోడు రెండు చేతులూ జోడించి, "సార్, కొట్టకూడదు సార్, పదిహేడో సెక్షన్ సార్" అన్నాడు. చేతులు జోడించి మరీ చెప్పాడు, అది గమనించండి. పీఈటీ సార్ నవ్వేసి బరికె దించారు. కానీ స్టాఫ్ రూమ్‌లో నాతో, "మేడమ్, పాఠం చెప్పండి, ప్లీడర్లను తయారు చెయ్యొద్దు" అన్నారు. హెచ్ఎం గారు పిలిచి "సిలబస్ దాటకండమ్మా, మనకెందుకు టెన్షన్" అన్నారు.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. ఆ పిల్లోడి నాయన వచ్చాడు. పీఈటీ సార్ మీద ఫిర్యాదుకేమో అనుకున్నా. కాదు. "ఇంట్లో కూడా ఎదురు మాట్లాడుతున్నాడు మేడమ్. మీరు కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి, నేనేమీ అనుకోను" అన్నాడు. పిల్లోడు పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు.

నేను చేసింది తప్పా? ఇలాంటివి చెప్పడానికి వేరే పద్ధతేమైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_హెచ్చెమ్ | మంగళవారం, రాత్రి 9:40

అమ్మా, మీ ఉద్దేశం మంచిదే. ముప్పై నాలుగేళ్లు బళ్లో పనిచేసి చెప్తున్నా, పదమూడేళ్ల పిల్లవాడికి హక్కు చేతికిచ్చి బాధ్యత చెప్పకపోతే ఇలాగే ఉంటుంది. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు కూడా ఉన్నాయి కదా. ముందు అవి చెప్పండి. దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అనలేదు. మేం తిన్నాం దెబ్బలు, బాగుపడ్డాం.

కొర్లగుంట_అమ్మ | మంగళవారం, రాత్రి 9:47

సార్, దెబ్బలు తిని బాగుపడినవాళ్లే ఇక్కడికొచ్చి రాస్తారు. బడి మానేసినవాళ్లు ఈ చర్చలో ఉండరు కదా. మా అన్న లెక్కల సార్ దెబ్బలకు భయపడి ఏడో తరగతిలో మానేశాడు. ఇప్పుడు ఆర్టీసీ బస్టాండు దగ్గర ఆటో తోలుతున్నాడు. ఎక్కాలు మాత్రం నాకన్నా బాగా చెప్తాడు.

కోర్టు_వేపచెట్టు | మంగళవారం, రాత్రి 10:25

చిత్తూరులో ప్రాక్టీసు చేస్తాను. కొన్ని విషయాలు తేటగా ఉంటే మంచిదని రాస్తున్నా.

మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు చట్టమే. 2002లో 86వ సవరణతో 21ఏ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కయింది. దాన్ని అమలు చేసే చట్టం 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి తెచ్చారు. అందులో 17వ సెక్షన్ ప్రకారం కొట్టిన టీచరు మీద సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్య ఉంటుంది. అంతకుముందే, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఎదుటి పక్షం ఎవరనుకున్నారు? మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఇది మన పిల్లలకు చెప్తే "ఢిల్లీవాళ్ల కోసం" అనరు.

ఇక పెద్దాయన విధుల మాట. విధులు 1976లో 42వ సవరణతో చేర్చారు, అప్పుడు పది. పదకొండోది అదే 86వ సవరణతో వచ్చింది. అది ఎవరి విధో తెలుసా సార్? 6 నుంచి 14 ఏళ్ల బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి. పిల్లల నెత్తిన పెట్టింది కాదు. విధులు ముందు నేర్పాలంటే ఆ నాయనతోనే మొదలుపెట్టాలి.

రిటైర్డ్_హెచ్చెమ్ | మంగళవారం, రాత్రి 10:31

వకీలు గారు వాదన బాగా చేస్తారు. క్లాసులో యాభై మందితో ఒక్క పీరియడ్ గడిపి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

కోర్టు_వేపచెట్టు | మంగళవారం, రాత్రి 10:33

అది నిజమే సార్. నాకు ఒక జడ్జి గారితోనే చెమటలు పడతాయి.

దామల్చెరువు_తోట | బుధవారం, ఉదయం 6:05

అన్నా, లాయర్ సార్ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మాది మామిడి తోట. కోత టైంలో కూలీలు దొరకరు. నా కొడుకు ఏడో క్లాసు. ఆదివారాలు తోటకొచ్చి కాయలు ఏరతాడు, క్రేట్లలో సర్దుతాడు. మొన్న వాడొచ్చి "నాయనా, ఆర్టికల్ 24 ప్రకారం నువ్వు నన్ను పనికి పెట్టుకోకూడదు" అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలీలేదు. నేరమా ఇది?

కోర్టు_వేపచెట్టు | బుధవారం, ఉదయం 8:50

మీ వాడికి నా తరఫున ఒక మామిడికాయ ఎక్కువ ఇవ్వండి.

24వ ఆర్టికల్ 14 ఏళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంటుంది. బాలకార్మిక చట్టం 1986ది. 2016లో సవరించి 14 లోపువాళ్లను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. ఒక మినహాయింపు ఉంచారు. బడి అయ్యాక, సెలవుల్లో, సొంత కుటుంబం పనిలో, ప్రమాదం లేనిదైతే సాయం చేయొచ్చు. అంటే మీ వాడు ఆదివారం కాయలు ఏరడం నేరం కాదు. బడి ఎగ్గొట్టి ఏరితే తప్పు. పురుగుమందు కొట్టే పనికి, ట్రాక్టరు పనికి పంపితే తప్పు. పక్కింటి పన్నెండేళ్ల పిల్లోణ్ని కూలికి పెట్టుకుంటే అది నేరమే. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

దామల్చెరువు_తోట | బుధవారం, ఉదయం 9:02

పక్కింటి పిల్లోడి సంగతి నేను అడగలేదు సార్... సరే, అర్థమైంది.

నగరి_కండె | బుధవారం, మధ్యాహ్నం 1:18

ఆ కుటుంబం పని అనే మినహాయింపు గురించి నేను చెప్తా. మాది నగరి. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. నాకు ఎనిమిదేళ్లప్పటి నుంచీ మగ్గానికి దారం కండెలు చుట్టడం పని. తెల్లారి ఐదింటికి లేపేవాళ్లు. దారం తెగితే ముడి వెయ్యాలి, కండె నిండితే మార్చాలి. ఏడున్నరకు వేళ్ల చివర్లు నున్నగా అయిపోయేవి, పెన్ను పట్టుకుంటే జారేది. ఇంగ ఆ మగ్గాల మోత. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట వినబడదు. బళ్లో నేను మామూలుగా మాట్లాడినా అరుస్తున్నాననేవాళ్లు. ఎన్నిసార్లు బెంచీ ఎక్కించారో.

ఎవరినీ తిట్టడం లేదు. మా నాయనా అలాగే పెరిగాడు. నేను కండె చుట్టకపోతే వారానికి ఒక చీర తక్కువ పడేది, అప్పు ఒక వారం పెరిగేది.

పదో తరగతిలో ప్రశ్న వచ్చింది, బాలకార్మిక వ్యవస్థ గురించి ఆర్టికల్ 24 ఏం చెబుతుంది అని. రెండు మార్కులు. బాగా రాశాను, రెండుకు రెండు వచ్చాయి. ఇంటికెళ్లి రాత్రి పదకొండు దాకా కండెలు చుట్టాను. నేను రాసిన జవాబుకూ నా చేతిలో ఉన్న కండెకూ సంబంధం ఉందన్న ఆలోచనే రాలేదు. మా సార్‌కూ వచ్చినట్టు లేదు. ఆయన మా వీధిలోనే ఉండేవాడు.

మేడమ్, మీ క్లాసులో పిల్లోడు చేతులు జోడించి సెక్షన్ చెప్పాడంటే, నాకు ఇరవై ఏళ్ల తర్వాత వెలిగింది వాడికి నాలుగు రోజుల్లో వెలిగినట్టు.

చాక్‌పీస్_చంద్రగిరి | బుధవారం, రాత్రి 8:44

అన్నా, మీరు రాసింది మా వారికి కూడా చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఈరోజు క్లాసులో ఒక పని చేశాను. ఒక్కొక్కరికి చిన్న చీటీ ఇచ్చి, "ఈ బళ్లో మీకు అన్యాయం అనిపించేది ఒకటి రాయండి, పేరు రాయొద్దు" అన్నాను. చీటీలన్నీ చాక్‌పీసు డబ్బాలో వేయించాను. దెబ్బల గురించే ఎక్కువ ఉంటాయనుకున్నా. 38 చీటీల్లో దెబ్బల గురించి ఉన్నవి ఐదు. అమ్మాయిల బాత్రూమ్ తలుపుకు గడి లేదని పద్నాలుగు. ఒకమ్మాయి లోపలికెళ్తే ఇంకో అమ్మాయి బయట తలుపు పట్టుకుని నిలబడాలట. తోడు రాకపోతే ఇంటికెళ్లేదాకా ఆగడమేనట. రోజూ నీళ్లు తాగకుండా వస్తున్నామని ఒకరు రాశారు. నేనూ ఆడదాన్నే. అదే బళ్లో ఆరేళ్లుగా ఉన్నాను. టీచర్ల బాత్రూముకు గడి ఉంది, కాబట్టి నాకు కనబడలేదు.

ఇంకో చీటీలో "కులం పేరు పెట్టి పిలుస్తారు" అని ఉంది. ఎవరని రాయలేదు. పదిహేడో సెక్షన్ చెప్పినంత ధైర్యంగా పదిహేడో ఆర్టికల్ చెప్పలేదు నేను. అంటరానితనం నిషేధం అని ఒక లైను రాయించి దాటేశాను.

కుప్పం_అంగన్వాడీ | బుధవారం, రాత్రి 9:30

అక్కా, హక్కులు చెప్పాక ఏమవుతుందో నేను ఒకటి చెప్తాను. ఊరి పేరు వద్దు. మా సెంటర్ పక్కింటి అమ్మాయి, పది పాసయింది, పదహారేళ్లు. మేనమామతో పెళ్లి కుదిర్చారు. మా వైపు మేనరికం అంటే ఎవరూ వింతగా చూడరు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చెయ్యొచ్చని బళ్లో చెప్పారంట. కానీ ఫోన్ వాళ్ల నాయన జేబులో ఉంటుంది. ఆ అమ్మాయి పాలప్యాకెట్ మీద పెన్నుతో "అక్కా ఆపు" అని రెండే మాటలు రాసి, వాళ్ల తమ్ముడితో నాకు పంపించింది.

సూపర్‌వైజర్‌కు చెప్పాను, సీడీపీవో మేడమ్ (మా అంగన్వాడీల పైఅధికారి), పోలీసులు, సచివాలయం మహిళా పోలీసు అందరూ వచ్చారు. ముహూర్తానికి ముందురోజు పందిట్లో కూర్చుని మాట్లాడారు. పెళ్లి ఆగింది. ఊళ్లో నన్ను ఎన్ని మాటలన్నారో రాయను. ఆ అమ్మాయి కూడా మూడు నెలలు నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మ రోజూ తనను పట్టుకుని ఏడ్చేదంట, మన పరువు తీశావని. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నన్ను చూస్తే తలవంచుకుని వెళ్లిపోతుంది. నేనూ పలకరించను, ఇబ్బంది పెట్టడం ఎందుకని.

కోర్టు_వేపచెట్టు | బుధవారం, రాత్రి 10:02

మీరు చేసింది చాలా పెద్ద పని అమ్మా.

బాల్యవివాహాల నిషేధ చట్టం 2006 ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పిల్లలకు ఎవరూ చెప్పని మాట ఇంకొకటి ఉంది. పెళ్లి జరిగిపోయినా అంతా అయిపోయినట్టు కాదు. చిన్నప్పుడు పెళ్లైన అమ్మాయి, మేజరైన తర్వాత రెండేళ్లలోపు కోర్టుకెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. డబ్బు లేకపోయినా సరే. 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ అందుకే ఉంది, ఫోన్ 15100. వాళ్లు బళ్లకు కూడా వస్తారు. ఒక కాగితం పెట్టి అడగాలంతే.

కొర్లగుంట_అమ్మ | గురువారం, ఉదయం 11:15

మా పాపకు ఆరేళ్లు. ఆర్టికళ్లూ సెక్షన్లూ దానికేం అర్థమవుతాయి? ఎక్కడ మొదలుపెట్టాలి?

కుప్పం_అంగన్వాడీ | గురువారం, మధ్యాహ్నం 2:40

మీ ఇంట్లోనే అక్కా. చుట్టాలొస్తే "మామకు ముద్దు పెట్టు" అని పాపను ముందుకు తోస్తాం కదా. పాప వద్దంటే "సిగ్గు దానికి" అని నవ్వుతాం. నవ్వకండి. వద్దంటే వద్దనే వదిలెయ్యండి. చుట్టం ఏమన్నా అనుకుంటే అనుకోనీ. తన వద్దుకు ఇంట్లో విలువ ఉందని తెలిసిన పిల్ల, బయట ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే వచ్చి చెప్తుంది. మా సెంటర్లో నాలుగేళ్ల వాళ్లతో "నా ఒళ్లు నాది" అని చప్పట్లు కొట్టిస్తాను.

కోర్టు_వేపచెట్టు | గురువారం, సాయంత్రం 5:10

దీనికి ఒక్క మాట చేరుస్తా. పోలీసు స్టేషన్ గురించి పిల్లల్లో ఉన్న భయం పోగొట్టండి. "అన్నం తినకపోతే పోలీసోడు పట్టుకుపోతాడు" అని మనమే పెంచుతాం. పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటో తీసుకోవాలి. వచ్చే పోలీసు యూనిఫారంలో ఉండకూడదు. వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. ఇది తెలిస్తే సగంమంది తల్లిదండ్రులు నోరు మూసుకోరు.

టెన్త్_బ్యాక్‌బెంచ్ | గురువారం, రాత్రి 11:20

నేను టెన్త్. తిరుపతిలో హాస్టల్లో ఉంటా. మా అన్న ఫోన్లో రాస్తున్నా, వీకెండ్ ఇంటికొచ్చా అనుకోండి. మీరంతా పెద్దోళ్లు మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. మాకు పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా. ఆదివారం టెస్టు. గ్రౌండ్ ఉంది, తాళం ఉంది. మార్కులు తక్కువొస్తే అందరి ముందు పేరు చదువుతారు. ఎవరూ కొట్టరు. ఆడుకునే హక్కు అనేది ఏమైనా ఉందా లేదా? నిజం చెప్పండి, సెంటిమెంట్ వద్దు.

నిర్వాహకుడు | గురువారం, రాత్రి 11:34

తమ్ముడూ, బడి పేరు, హాస్టల్ పేరు రాయొద్దు. మిగతావాళ్లు కూడా వాడిని ఆరా తీయకండి.

కోర్టు_వేపచెట్టు | శుక్రవారం, ఉదయం 7:45

సెంటిమెంట్ లేకుండా చెప్తా. మన రాజ్యాంగం మూడో భాగంలో ఆడుకునే హక్కు అనే మాట లేదు. 1989 నవంబర్ 20న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం చేసింది. దాని 31వ అధికరణలో విశ్రాంతి, ఆట పిల్లల హక్కు అని ఉంది. 12వ అధికరణలో, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలని ఉంది. 1992 డిసెంబర్ 11న భారత్ అందులో చేరింది. కానీ ఆ కాగితం పట్టుకుని నువ్వు నేరుగా కోర్టుకెళ్లి గ్రౌండ్ తాళం తీయించలేవు. కోర్టులు తీర్పుల్లో దాన్ని ఆధారంగా వాడుకుంటాయి, అంతవరకే.

ఇంకో చిక్కు. 17వ సెక్షన్ ఉన్న చట్టం 14 ఏళ్ల దాకే. నీకు పదిహేను ఉంటాయి. నీకు వర్తించేది 18 ఏళ్ల వరకూ ఉండే బాలల న్యాయ చట్టం, 2015ది. దాని 75వ సెక్షన్, బిడ్డ బాధ్యత చూసేవాళ్లు శారీరకంగానో మానసికంగానో అనవసరమైన బాధ కలిగేలా ప్రవర్తిస్తే శిక్ష అంటుంది. మార్కులు చదవడం దాని కిందికి వస్తుందా అంటే, ఒక్కసారికి నేను వాదించి గెలుస్తానని చెప్పలేను. రోజూ చేస్తే, దాంతో పిల్లోడు దెబ్బతింటే వేరు. మనసు బాగోలేకపోతే మాత్రం చట్టం దాకా ఆగొద్దు, 1098కు చెయ్. లేదా ఇంట్లో ఎవరికి చెప్పగలవో వాళ్లకు ఈరోజే చెప్పు.

నగరి_కండె | శుక్రవారం, ఉదయం 8:20

తమ్ముడూ, నేను కండెలు చుట్టిన గంటలకన్నా నీ గంటలు ఎక్కువున్నాయి.

రిటైర్డ్_హెచ్చెమ్ | శుక్రవారం, ఉదయం 10:55

రాత్రి ఆ టెన్త్ కుర్రాడిది చదివాక రాయాలనిపించింది. 1986లో నేను పలమనేరు వైపు పనిచేస్తున్నా. ప్రార్థనలో జాతీయగీతం పాడని పిల్లల్ని ఎండలో నిలబెట్టేవాణ్ని, గట్టిగా పాడేదాకా. ఆ ఏడాది సుప్రీంకోర్టు తీర్పు పేపర్లో వచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షులు. గీతం వస్తుంటే లేచి మర్యాదగా నిలబడేవాళ్లు కానీ పాడేవాళ్లు కాదు, మత నమ్మకం. బడినుంచి పంపేశారు. కోర్టు తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, దాన్ని పలచబరచొద్దు అన్న అర్థం వచ్చేలా రాశారు.

అప్పుడు నాకు కోర్టు మీద చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ మర్నాటినుంచి ఎండలో నిలబెట్టడం మానేశాను. ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పలేదు. మానేసినప్పుడు గీతం పాడే గొంతులు ఏమీ తగ్గలేదు, అది మాత్రం గుర్తుంది.

బెత్తం విషయంలో నా అభిప్రాయం మారిందని అనుకోకండి.

కొర్లగుంట_అమ్మ | శుక్రవారం, ఉదయం 11:03

సార్, మీరు మారనవసరం లేదు, రాస్తూ ఉండండి.

వేరే సంగతి. మా చెల్లెలి కొడుకు ఆరో తరగతి. ప్రైవేటు బడిలో ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వడం లేదు. గవర్నమెంటు బడి వాళ్లు టీసీ లేకుండా ఎలా అంటున్నారు. నెలైంది, ఇంట్లోనే ఉన్నాడు.

కోర్టు_వేపచెట్టు | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ ఇవ్వకుండా జాప్యం చేసిన హెడ్మాస్టరు మీదా చర్య ఉంటుంది. వయసు రుజువు లేదని కూడా ఆపకూడదు, అది 14వ సెక్షన్. ముందు ఎంఈవోకు (మండల విద్యాధికారికి) కాగితం పెట్టండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. పిల్లోణ్ని వెంట తీసుకెళ్లండి. తన అర్జీ తనే ఇస్తే, ఈ దేశంలో ఒక ఆఫీసు తలుపు తనకూ తెరుచుకుంటుందని వాడికి తెలుస్తుంది. సోషల్ పాఠంలో అది రాదు.

నగరి_కండె | శుక్రవారం, మధ్యాహ్నం 2:12

వయసు రుజువు మాట వచ్చింది కాబట్టి. శ్రీకాళహస్తి వైపు యానాది కాలనీల్లో ఎంతమంది పిల్లలు కాగితం లేదనే బడి బయట ఉండిపోయారో. వాళ్ల పెద్దవాళ్లకు ఈ 14వ సెక్షన్ ఎవరైనా చెప్పాలి. అప్పు తీర్చేదాకా మనిషిని పనిలో కట్టిపడెయ్యకూడదనే 23వ ఆర్టికల్ కూడా.

ఇంకోటి మేడమ్. మా ఇంట్లో అరవం మాట్లాడతాం. నేను ఐదో క్లాసు వరకు తమిళ మీడియం. మా నగరి పిల్లలకు హక్కుల పాఠం 29, 30 ఆర్టికళ్లతో మొదలుపెడితే టక్కున పట్టుకుంటారు. మీ భాష, మీ బడి మీకుండాలని రాసిపెట్టిన కాగితం రా ఇది అంటే, వాడికి అది బళ్లోకి అడుగు పెట్టగానే కనబడుతుంది.

చాక్‌పీస్_చంద్రగిరి | తర్వాతి బుధవారం, రాత్రి 9:05

ఆలస్యంగా వస్తున్నా, క్షమించండి.

చీటీల విషయం. పిల్లల చేతే హెచ్ఎం గారికి అర్జీ రాయించాను. నేను ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. "గౌరవనీయులైన" దగ్గర ఇరవై నిమిషాలు కొట్టుకున్నారు, స్పెల్లింగు కోసం. కింద ఆర్టికల్ నెంబరు వెయ్యాలా వద్దా అని ఓటింగు పెట్టుకున్నారు. వద్దనేవాళ్లు గెలిచారు. "నెంబరు వేస్తే సార్‌కు కోపం వస్తుంది, గడి రాదు" అని ఒకమ్మాయి వాదించింది. ఆమెను మీ దగ్గరకు జూనియర్‌గా పంపాలి లాయర్ సార్.

అమ్మాయిలు నలుగురు వెళ్లి ఇచ్చారు. హెచ్ఎం గారు చదివి, కాసేపు కిటికీలోంచి చూసి, "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం" అన్నారట. శనివారం తన జేబులోంచి డబ్బిచ్చి ఒక తలుపుకు గడి పెట్టించారు. రెండో తలుపు చెక్క పుచ్చిపోయింది, స్క్రూ నిలవడం లేదు. దానికి ప్రస్తుతానికి చున్నీ కడుతున్నారు. పేరెంట్స్ కమిటీ మీటింగులో పెడతామన్నారు, చూడాలి.

కులం పేరుతో పిలవడం గురించిన చీటీ నా పర్సులోనే ఉంది. ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. అది గడి కాదు కదా.

ఆ పిల్లోడి నాయనతో కూడా మాట్లాడాను. ఎదురు మాట్లాడటం అంటే ఏం మాట్లాడాడు అని అడిగితే, "నువ్వు అమ్మను కొట్టొద్దు అన్నాడు మేడమ్" అన్నాడు. చెప్పేసి ఆయనే తల దించుకున్నాడు. నేను టీ తెప్పించాను. ఇద్దరం తాగాం. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

కుప్పం_అంగన్వాడీ | బుధవారం, రాత్రి 9:20

అక్కా, ఆ తల్లిని ఒకసారి కలవండి. ఊరికే, కూరగాయల అంగడి దగ్గర కలిసినట్టు.

చాక్‌పీస్_చంద్రగిరి | బుధవారం, రాత్రి 9:26

వెళ్తాను. ఇంకో ప్రశ్న మిగిలింది, లాయర్ సార్‌కు. పీఈటీ సార్ బరికె రూములో పెట్టేశారు. ఇప్పుడు లైను తప్పితే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తిస్తున్నారు. ఇది కూడా పదిహేడో సెక్షన్‌లోకి వస్తుందా అని మా వాడు నన్ను అడిగాడు.

కోర్టు_వేపచెట్టు | బుధవారం, రాత్రి 9:31

శిక్షగా పరిగెత్తిస్తే రావచ్చు. ఏ టైంలో? ఎండలోనా?

చాక్‌పీస్_చంద్రగిరి | బుధవారం, రాత్రి 9:34

సాయంత్రం చివరి పీరియడ్ సార్. ఎండ లేదు. కానీ ఆయన కూడా వాళ్లతోపాటే పది రౌండ్లూ పరిగెత్తుతున్నారట. ఏడో రౌండుకే ఆయాసపడుతున్నారని పిల్లలు ఆగి నీళ్లిస్తున్నారట. వాడికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియడం లేదు.

రిటైర్డ్_హెచ్చెమ్ | బుధవారం, రాత్రి 9:41

ఆయన వయసెంత?

చాక్‌పీస్_చంద్రగిరి | బుధవారం, రాత్రి 9:42

యాభై నాలుగు సార్.